లీనా దగ్గర నిజం దాచి కారా తప్పు చేసిందా?

కామిక్స్_పురుగు:
సూపర్‌గర్ల్ సీరియల్ (2015–2021) మళ్లీ మొదటి నుంచి చూశాను. ఒక్క విషయం ఎంతకీ మింగుడుపడటం లేదు. చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. కారా డాన్వర్స్ ఉద్యోగరీత్యా విలేకరి, ఆపద వస్తే సూపర్‌గర్ల్. రెండో సీజన్‌లో లీనా లూథర్ ఆమెకు ప్రాణస్నేహితురాలవుతుంది. లీనా అన్న లెక్స్ సూపర్‌మ్యాన్‌కు బద్ధశత్రువు. కారా అసలు సంగతి అక్క ఆలెక్స్‌కు తెలుసు, ఆఫీసులో విన్‌కు, జేమ్స్‌కు తెలుసు. లీనాకు మాత్రం ఐదో సీజన్ మొదలయ్యేదాకా కారా చెప్పలేదు. అప్పటికే లెక్స్ చనిపోతూ చెల్లెలికి ఆ నిజం చెప్పేశాడు, అదీ వెక్కిరింపుగా.

దాచడం ఒక్కటే అయితే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. మూడో సీజన్ గుర్తు తెచ్చుకోండి. లీనా సొంతంగా క్రిప్టోనైట్ (సూపర్‌గర్ల్ శక్తిని హరించే రాయి) తయారుచేసిందని సూపర్‌గర్ల్‌కు అనుమానం, కోపం. లీనాతో ప్రేమలో ఉన్న జేమ్స్‌నే ఆమె లాకర్‌లో వెతకమని అడిగింది! అదే రోజుల్లో లీనా మనసు విప్పి మాట్లాడుకునేది ఎవరితో? కారాతోనే. ఒక ముఖంతో నమ్మకుండా, ఇంకో ముఖంతో ఓదార్చడం ద్రోహమే అంటాను.

రాత్రి_బండి:
అన్నా, లాకర్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ తెలిసినవాళ్లకు ఏ గతి పట్టిందో కూడా చూడాలి కదా. నాలుగో సీజన్‌లో ఆలెక్స్ పై అధికారి కల్నల్ హేలీ సూపర్‌గర్ల్ అసలు పేరు రాబట్టాలని పట్టుబట్టింది. తన నోటి నుంచి నిజం బయటపడుతుందని ఆలెక్స్ కావాలనే ఆ జ్ఞాపకాన్ని చెరిపించుకుంది. ఆ తరవాత సొంత చెల్లెలు ఎర్ర కేప్‌తో ఎదురుగా నిలబడితే, పరాయి మనిషితో మాట్లాడినట్టు ముక్తసరిగా మాట్లాడింది. కారా ముఖం చూశారా అప్పుడు? అక్కకే ఆ పరిస్థితి వస్తే, లెక్స్ లాంటి అన్న, లిలియన్ లాంటి దుర్మార్గపు తల్లి ఉన్న లీనా నెత్తిన అదే బరువు ఎలా పెడుతుంది?

సింధు_వైజాగ్:
నాకు ఈ ప్రశ్న ఆడవాళ్ల దగ్గరే ఇంత గట్టిగా ఎందుకొస్తుందన్నది ముఖ్యం. ప్రధాన కామిక్స్ కథలో క్లార్క్ కెంట్ (అంటే సూపర్‌మ్యాన్) తన ప్రియురాలు, తోటి విలేకరి లోయిస్‌కు నిజం చెప్పింది 1991లో. సూపర్‌మ్యాన్ పుట్టింది 1938లో. ఆ మధ్య దశాబ్దాల పాటు ఆమెను ఏమార్చడం ఒక సరదా. చివర్లో పాఠకుడి వైపు చూసి కన్ను కొట్టేవాడు కూడా. లోయిస్ ఎంత అవమానపడి ఉంటుందో అడిగినవాళ్లు తక్కువ. కారా దాచితే మాత్రం అది స్నేహద్రోహం, సీజన్ల కొద్దీ ఏడుపు, క్షమాపణలు. దుండగులను పట్టుకోవడంతో పాటు అందరి మనసులూ నొప్పించకుండా ఉండటం కూడా ఆమె డ్యూటీయేనా?

కామిక్స్_పురుగు:
సింధు గారూ, ఆ తేడా నిజమే. అయితే దానికి మందు కారాను వదిలేయడం కాదు, క్లార్క్‌ను కూడా నిలదీయడం. లోయిస్ పక్షాన నేనూ ఉంటాను.

100వ ఎపిసోడ్ గురించి కూడా చెప్పాలి (2020లో వచ్చింది). ముందే చెప్పి ఉంటే ఏమయ్యేదో మిక్సిజ్‌పిట్లిక్ అనే వేరే లోకపు మాయావి తన మాయతో చూపిస్తాడు. ఎటు తిప్పినా ఏదో ఒక ఘోరం. దాంతో కారా మనసు తేలికపడుతుంది. నాకది తీర్పు ముందే రాసుకుని జరిపిన విచారణలా అనిపించింది. నిజం చెప్పాక ఇద్దరూ కూర్చుని ఏడ్చి, మళ్లీ కలిసి పనిచేసే ఒక మామూలు దారి అందులో ఎందుకు లేదు?

ఓరుగల్లు_పిల్ల:
ఆ మామూలు దారి మిస్ మార్వెల్‌లో ఉంది. ఆ సూపర్‌హీరో కమలా ఖాన్, అమెరికాలోని జెర్సీ సిటీలో పాకిస్తానీ కుటుంబం పిల్ల. 2015 నాటి కామిక్‌లో లోకం అంతమైపోతుందనగా తానే మిస్ మార్వెల్ అని అమ్మకు చెప్పేద్దామని వస్తుంది. అమ్మేమో నాకు ముందే తెలుసంటుంది! 2022 సిరీస్‌లో అయితే డ్రెస్ అమ్మే చేతికిస్తుంది. చదువు, నమాజు, అన్న పెళ్లి, ఇంటి ఆంక్షలు ఏవీ తగ్గవు, కానీ ఇల్లు ఆమెకు అడ్డుగా కాకుండా అండగా మారుతుంది. కారా కథలో ఆ అండ అక్క దగ్గర దొరికింది. లీనా దగ్గరా దొరికేదే.

రాత్రి_బండి:
కమలా తల్లికి లెక్స్ లాంటి కొడుకు లేడు, అది మరిచిపోకండి.

కామిక్స్_పురుగు:
ఆ లెక్స్‌కే లీనా కంటే ముందు తెలుసు తమ్ముడూ! నా వాదనంతా అక్కడే ఉంది. రహస్యం శత్రువును ఆపలేదు, స్నేహితురాలిని మాత్రం బయట నిలబెట్టింది. ఆరో సీజన్‌లో ఆలెక్స్ పెంపుడు కూతురు ఎస్మేను ఎత్తుకుపోయినప్పుడు కూడా అంతే, కారా తనను దాచుకునే కళ్లద్దాలు ఆ పిల్లను కాపాడలేదు. చివరి ఎపిసోడ్‌లో కారా లోకమంతటికీ నిజం చెప్పేస్తుంది.

రాత్రి_బండి:
సరే, లెక్స్ విషయంలో మీదే పైచేయి. మరి ఏ రోజు చెప్పి ఉండాలంటారు? పరిచయమైన నెలకే చెప్పేయాలా?

కామిక్స్_పురుగు:
అంత తొందర అక్కర్లేదు. మూడో సీజన్‌లో మోర్గన్ ఎడ్జ్ అనే దుష్ట వ్యాపారి చేతికి పోకుండా కారా పనిచేసే క్యాట్‌కో మీడియా సంస్థను లీనా కొంటుంది చూడండి, ఆ సాయంత్రం. ఆ కొనుగోలుతో ఆమె కారాకు పై అధికారి కూడా అయింది. అంత పెద్ద సాయం తీసుకుని, తానెవరో చెప్పకుండా మర్నాడు ఆమె కిందే ఉద్యోగానికి వెళ్లడం నాకు నచ్చలేదు.