పిల్లకాయలున్న ఇంటికి సినిమా చెప్పేటప్పుడు ఒక ముక్క ముందే చెప్పాలా, వద్దా?

తిరుచానూరు నాన్న:
పోయిన వారం ఇక్కడే "ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే యానిమేషన్ సినిమాలు చెప్పండి" అని అడిగితిని. నలుగురైదుగురు చెప్పినారు. అందులో ఒకరు "గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్, 1988, జపాన్‌ది, తప్పకుండా చూడండి" అని రాసినారు. అంతే, ఇంకేం లేదు. శనివారం రాత్రి అన్నాలు తిని మా అమ్మ, నేను, తొమ్మిదేళ్ళ నా కూతురు కూర్చున్నాం. అమ్మకి ఇంగ్లీషు రాదు, కింద పడే అక్షరాలు నేనే చదువుకుని తెలుగులో చెప్తా ఉంటిని.

యుద్ధంలో కోబే ఊరు తగలబడిపోతే పద్నాలుగేళ్ళ పిల్లోడు నాలుగేళ్ళ చెల్లెల్ని వెంటబెట్టుకుని తిరిగే కథ. ఆ పాప దగ్గర తీపి బిళ్ళల రేకుడబ్బా ఉంటాది. బిళ్ళలు అయిపోతే అన్న అందులో నీళ్ళు పోసి, కలిపి తాగిస్తాడు. అది చూసి మా పాప మురిసిపోయింది. చివరికొచ్చేసరికి ఆ చెల్లెలు ఆకలికి సొమ్మసిల్లి పడుకుని నోట్లో ఏందో చప్పరిస్తా ఉంటాది. నేను బిళ్ళే అనుకున్నా. నా కూతురు మెల్లగా చెప్పింది, "అది బిళ్ళ కాదు నాన్నా, గోలీ." ఆ తర్వాత నాకు నోట మాట రాలేదు. అమ్మ "ఏమంటా ఉండాడ్రా, చెప్పు" అని రెండుసార్లు అడిగింది. చెప్పలేకపోయినా. పాప మూడు రాత్రులు మా ఇద్దరి మధ్యన పడుకునింది.

సినిమా గొప్పది, అందులో అనుమానం లేదు. చెప్పినాయన మీద కోపమూ లేదు. "ఇందులో పిల్ల చనిపోతాది, ముందు మీరు ఒకసారి చూసుకోండి" అని ఒక్క ముక్క చేర్చి ఉండాల్సిందా, లేదా? అదే నా ప్రశ్న.

లీలామహల్ సర్కిల్:
అన్నా, ఆ సినిమా చెప్పింది నేనే. పాప భయపడిందంటే నిజంగా బాధగా ఉంది. కానీ నా మాట కూడా వినండి. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఆ సినిమా గురించి ఏమీ తెలియకుండా చూశాను. అందుకే అంతగా నాటుకుపోయింది. ఎవరైనా ముందే చెప్పి ఉంటే మనసు గట్టి చేసుకుని కూర్చునేవాణ్ణి, అప్పుడు ఏమీ అంటేది కాదు.

ఇంకోటి. బొమ్మలతో తీస్తే పిల్లల సినిమా అని మనమే అనుకుంటున్నాం. నోసకా అకియుకి అనే ఆయన యుద్ధంలో తన చెల్లెల్ని పోగొట్టుకుని, ఆ బాధతో 1967లో రాసిన కథ అది. ఇసావో తకహతా దాన్ని బొమ్మల్లో తీశారు. అది పెద్దవాళ్ళ దుఃఖం. బొమ్మల్లో ఉందని చిన్నదైపోతుందా?

కాళహస్తి కలం:
తమ్ముడూ, నీ రెండో మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మా ఇంట్లో కలంకారీ పని. రామాయణం గుడ్డ వేస్తే గళ్ళు గళ్ళుగా కథంతా వస్తాది, యుద్ధం గడిలో తెగిన తలకాయలు కూడా కసిమితో, అంటే మా నల్లరంగుతో, గీస్తాం. అవి గుళ్ళో వేలాడదీసేదానికి, పెద్దోళ్ళు నిలబడి చూసేదానికి చేసిన బొమ్మలు.

మొదటి మాట మాత్రం ఒప్పుకోను. మా గుడ్డలో బొమ్మ పక్కనే కథ తెలుగులో రాసుంటాది. ఏమవుతాదో తెలిసే జనం చూస్తారు. 2025 జులైలో మహావతార్ నరసింహ అనే బొమ్మల సినిమా వచ్చినప్పుడు ఇంట్లో పిల్లకాయలందర్నీ తీసుకుపోయినా. హిరణ్యకశిపుణ్ణి ఒడిలో వేసుకుని చీల్చేటప్పుడు మా ఐదేళ్ళోడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడే గానీ తల తిప్పుకోలేదు. వాడికి కథ తెలుసు. తెలిసినందుకు రుచి తగ్గిందా అంటే, స్తంభం ఎప్పుడు పగులుతాదా అని మొదట్నించీ కాచుకుని ఉన్నాడు.

అసలు నువ్వు చెప్పిన సినిమాలో మొదటి నిమిషాల్లోనే ఆ పిల్లోడు స్టేషన్లో స్తంభానికి ఆనుకుని చనిపోతాడు. ఆ రాత్రే చనిపోయినా అని వాడి గొంతుతోనే చెప్పిస్తారు. తీసినాయన దాచలేదు, నువ్వెందుకు దాచాల?

పలమనేరు టీచరమ్మ:
నేను ఇంకో వైపు నుంచి చెప్తాను. నేను పుట్టి పెరిగింది తిరుపతిలోనే. చిన్నప్పుడు గంగజాతరలో ఒళ్ళంతా తెల్లటి నామకొమ్ము పూసుకున్న బైరాగి వేషాలు, మరుసటి రోజు కుంకుమ పూసుకుని వచ్చే బండ వేషాలు చూసి అమ్మ కొంగులో మొహం దాచుకునేదాన్ని. ఒకసారి జ్వరం కూడా వచ్చింది. అయినా అమ్మ మరుసటి ఏడు మళ్ళీ తీసుకుపోయింది, నాకూ వేషం కట్టింది. పిల్లల్ని భయం నుంచీ, ఏడుపు నుంచీ మరీ దూరం పెట్టకండి. మీకంటే ముందు అది గోలీ అని కనిపెట్టింది మీ పాపే కదా సార్. ఆ పిల్ల ఎంత శ్రద్ధగా చూసిందో ఆలోచించండి. దగ్గర కూర్చోబెట్టుకుని ఆ సినిమా గురించి మాట్లాడండి.

తిరుచానూరు నాన్న:
మాట్లాడినా టీచరమ్మా. ఇంకా మాట్లాడతానే ఉండాం. కానీ మీరు చెప్పిన జాతరలోనే నా జవాబు ఉండాది. ఏ రోజు ఏ వేషం వస్తాదో మీ అమ్మకి తెలుసు. ఆమె భయపడలేదు కాబట్టే మీకు ఆమె కొంగు పనికొచ్చింది. ఆ రాత్రి నాకేం తెలుసు? పాపతో పాటు నేనూ దడుచుకున్నా. నా చెయ్యే వణకతా ఉంటే పాప ఇంక ఎవుర్ని పట్టుకోవాల? పిల్లకి చూపించొద్దని నేను అనడంలేదు. పక్కన కూర్చున్నోడికి ముందే తెలిసుండాల అంటున్నా.

లీలామహల్ సర్కిల్:
ఇది నాకు తట్టలేదన్నా. నేను ఒక్కణ్ణే చూసినవాణ్ణి, పక్కన పిల్లలు లేరు. ఆ సినిమాని జపాన్‌లో 1988 ఏప్రిల్ 16న మై నెయిబర్ టొటోరోతో జతచేసి విడుదల చేశారు. మీకు నేను ముందుగా టొటోరో చెప్పాల్సింది. అందులోనూ అమ్మ ఆస్పత్రిలో ఉంటుంది, పిల్లలు దిగులు పడతారు, కానీ కథ వాళ్ళని వదిలేయదు. పిల్లలున్న ఇంటికైతే ఇకమీదట ఆ ముక్క చెప్తాను. పెద్దవాళ్ళు అడిగితే మాత్రం ఇప్పటికీ చెప్పను. అక్కడ నా అభిప్రాయం మారలేదు.

ఎమ్మార్‌పల్లి అక్క:
అన్నా, మీ అమ్మకి ఎవరూ చదివి చెప్పే పనిలేని సినిమా ఒకటుంది. ఫ్లో. 2024లో వచ్చింది, లాత్వియా దేశపు గింట్స్ జిల్బలోడిస్ తీసినాడు. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేసి, 2025లో ఆస్కార్ తెచ్చుకున్నారు. ఒక్క మాట కూడా ఉండదు. పిల్లి, కుక్క, ఇంకొన్ని జీవాలు వరదలో ఒకే పడవ ఎక్కుతాయి, అంతే కథ.

మీరడిగిన ముక్క కూడా చెప్తున్నా: నీళ్ళు. 2021 నవంబర్ వరదలో మా ఇంట్లో మోకాళ్ళ లోతు నిలిచినాయి. సినిమాలో నీళ్ళు పైకి పైకి వస్తా ఉంటే మా అత్త లేచిపోయి, వాకిలి తీసి, వీధి చూసి వచ్చి కూర్చునింది. మీ అమ్మ ఆ వరద చూసినామె అయితే ముందే చెప్పండి.

తిరుచానూరు నాన్న:
చెప్పినా అక్కా. "నీళ్ళే కదా, చూద్దాంలే" అనింది. ఈ శనివారం పెడతాం. పాప పక్కన్నుంచి ఒకటి అడగమంటా ఉండాది: కుక్కకి ఏమన్నా అవుతాదా?

ఎమ్మార్‌పల్లి అక్క:
కుక్కకి ఏమీ కాదు తల్లీ. చివర్లో ఒక పెద్ద తిమింగలం నీళ్ళు లేక అడివిలో పడుంటాది. అది వచ్చేటప్పుడు నాన్న పక్కకి జరిగి కూర్చో.