ఈ వారం సమస్య: తండ్రి మోకరిల్లెఁ దనయ యెదుట

మేష్టారు:
ఆటవెలది, నాలుగో పాదం ఇచ్చా. 18వ శతాబ్దపు చైనా నవల 'హోంగ్‌లౌ మెంగ్'లో యువాన్‌చున్ గుర్తొచ్చి ఇచ్చిందిది, ఇంటి పెద్దకూతురు, చక్రవర్తి అంతఃపురంలోకి వెళ్ళిపోయింది, లాంతర్ల పండగ రాత్రి పుట్టింటికెళ్ళి రమ్మని పర్మిషన్ ఇస్తే ఆ కొన్ని గంటల కోసం వాళ్ళు ఏకంగా పెద్ద తోటే కట్టించారు.

పద్యాలపిచ్చి:
రాణి యైన పుత్రి రాఁగ నొక్క నిశికిఁ
దెర వెలుపల నుండి దీవెన విడి
ప్రభుని యాలి వనుచుఁ బ్రణతులు సలుపుచుఁ
దండ్రి మోకరిల్లెఁ దనయ యెదుట

గోదారోడు:
"దీవెన విడి" అదిరింది అన్నా. కానీ నవల్లో తండ్రి తెర బయటనుంచి తనని తాను చక్రవర్తి సేవకుడిగా చెప్పుకుంటూ మాట్లాడతాడంతే, మగాళ్ళ దండాలు వద్దని ముందే కబురొస్తుంది. మోకాళ్ళ మీద పడింది నాయనమ్మ వాళ్ళు, మనవరాలు ఇంటి పద్ధతిలో దండం పెట్టబోతే వద్దు వద్దని ఆపడానికి!

పద్యాలపిచ్చి:
పాదం ఇచ్చింది మేష్టారు, నన్నంటారేంటి 😀

కొత్తబిచ్చగాడు:
ఒక్క లైనే వచ్చింది, చూడండి సార్
చీన దేశ రాణి తోటలో నడువంగ

మేష్టారు:
గణాలు ఓకే, యతి పోయింది, "చీ"కి "తో" కుదరదు.

గోదారోడు:
"చెలఁగి తోటను రాఁగ" అంటే సరి.

మేష్టారు:
యతి సరే, అర్థం చెడింది. ఆవిడ చెలగడమేంటయ్యా, నాయనమ్మనీ అమ్మనీ చెరో చేత్తో పట్టుకుని మాటరాక ఏడిస్తే, మనిషి మొహం కనపడని చోటికి నన్ను పంపారు కదా అంటే! "చింతతోఁ దోటకు" అను. ఇంకోటి, ఆవిడ పట్టపురాణి కాదు.

అల్లరిపిల్ల:
నాకు చైనా తెలీదు, మా ఇల్లు తెలుసు
బుజ్జితల్లి లేచి పొద్దు పొద్దున్నె తా
గుఱ్ఱమాట యాడఁ గోల చేయ
వీపు నెక్కు మనుచు వేడుకఁ బిలుచుచుఁ
దండ్రి మోకరిల్లెఁ దనయ యెదుట

పద్యాలపిచ్చి:
అబ్బా, నాది తీసేస్తా. "పొద్దున్నె" వాడుక మాటే గానీ ఇక్కడ అదే బాగుంది.

మేష్టారు:
ఇదే ఫస్ట్. నా పాదం వరకే కాదు, ఆ తెర బయట నిలబడ్డాయనక్కూడా ఒకప్పుడు గుఱ్ఱం ఆట ఉండే ఉంటుందనిపించింది, నవల్లో లేదనుకోండి.

కొత్తబిచ్చగాడు:
మిగతా మూడు పాదాలు మా మరదలితో రాయించుకోవచ్చా సార్?

మేష్టారు:
ఆ రాత్రి జరిగిందీ అదే! యువాన్‌చున్ తమ్ముడు బావోయుకి నాలుగు పద్యాలు రాయమంటే మూడు అయ్యేసరికి చెమటలు పట్టాయి, మేనత్త కూతురు దైయూ నాలుగోది రాసి కాగితం ఉండచుట్టి విసిరింది, అక్కగారు నాలుగింట్లో అదే బెస్ట్ అంది. రాయించుకో, నేనూ కనిపెట్టలేను.