బఫే ఆర్13 క్లారినెట్ తీసుకోవచ్చా?

ప్రశ్న: పెళ్లి బ్యాండులో ఆరేళ్లుగా ప్లాస్టిక్ క్లారినెట్ వాయిస్తున్నాను, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో బఫే కంపెనీ చెక్క క్లారినెట్, ఆర్13 మోడల్, దొరుకుతోంది. ధర చూస్తేనే టెన్షన్. ఏం చూసి కొనాలి?

జవాబు: 1955 నుంచి వస్తున్న మోడల్ అన్నా, నాదం నిండుగా ఉంటుంది, పై స్థాయిలోనూ సన్నబడదు. మధ్య బి-ఫ్లాట్ మాత్రం కాస్త మూగగా పలుకుతుంది, పై స్థాయికి వెళ్లడానికి నొక్కే రిజిస్టర్ కీ రంధ్రమే ఆ స్వరానికీ పనిచేయాలి కాబట్టి బోమ్ పద్ధతి కీలున్న మామూలు క్లారినెట్లన్నిటికీ ఉన్న బాధే ఇది. ఆ స్వరానికి కుడిచేతి వేళ్లతో కింది రంధ్రాలు కూడా మూసి వాయించండి, నిండుతుంది.

జవాబు: ఎడమ చిటికెన వేలి కీల చివర చిన్న పిన్నులుంటాయి, అరిగితే టకటకలాడతాయి. రంధ్రాన్ని మూసే మెత్తటి ప్యాడ్ కింద సిగరెట్ కాగితం పెట్టి, మూసి లాగండి. సులువుగా జారితే గాలి పోతున్నట్టే.

జవాబు: చెక్కదాన్ని ఎండలో ఊరేగింపుకి తీసుకెళ్లకండి. నా పాత క్లారినెట్, వేరే కంపెనీది, పై ముక్కలో నిలువునా చీలింది.

ప్రశ్న అడిగినవారు: అయితే ఊరేగింపుకి ప్లాస్టిక్‌దే ఉంచుతాను. ఆదివారం కాగితం పట్టుకెళ్లి చూస్తాను.