సమస్యాపూరణం: “కనులు లేని వాఁడు గాచె నిల్లు”

సమస్య ఆటవెలది నాల్గవ పాదం. పూరణకు ఒక నియమం ఉంది. ఇంటి నిఘా కెమెరాల దృశ్యాలను భద్రపరచే రికార్డరును, అంటే ఎన్‌వీఆర్‌ను కొనేవారు రెండు పెట్టెలను పోల్చేటప్పుడు తప్పక చూడవలసిన గుణం ఒకటైనా పద్యంలో పలకాలి. చాలామంది ఛానెళ్ల సంఖ్యనూ ధరనూ మాత్రమే చూసి కొంటున్నారు కనుక, పద్యం ఆ రెండింటినీ దాటి పోవాలని నా కోరిక.

హనుమకొండ సభ్యులు

చూరునందు నుండు చూపులు నాలుగు
తీగ వెంటఁ బంపు దృశ్యమెల్ల
దాఁచి దాఁచి యొక్క తావునఁ గూర్చుండి
కనులు లేని వాఁడు గాచె నిల్లు

*పృచ్ఛకుని పరిశీలన:* విరోధం సహజంగా విడిపోయింది. చూసేవి కెమెరాలు, కావలి కాసేది కన్నులేని పెట్టె. “తీగ వెంట” అన్న మాట నాకు ఎక్కువగా నచ్చింది, ఎందుకంటే పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) రికార్డరులో ఒకే కేబులు మీద కెమెరాకు విద్యుత్తు వెళుతుంది, దృశ్యం తిరిగి వస్తుంది. అయితే వెనుక ఎనిమిది పోర్టులు ఉన్నంత మాత్రాన ఎనిమిదింటికీ ఒకేసారి పూర్తి శక్తి అందుతుందని అనుకోకూడదు. పీఓఈకి చెందిన 802.3ఏఎఫ్ ప్రమాణం పోర్టుకు 15.4 వాట్ల వరకు అనుమతించినా, పెట్టె మొత్తం ఇవ్వగల శక్తికి వేరే పరిమితి ఉంటుంది. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగినప్పుడు అది బయటపడుతుంది. “చూపులు నాలుగు” వేర్వేరు కంపెనీలవైతే, వాటిని రికార్డరుతో కలిపి పనిచేయించే ఆన్‌విఫ్ ప్రమాణం రెండు వైపులా ఉన్నదో లేదో కూడా చూడాలి. దానిలో ప్రొఫైల్ ఎస్ దృశ్య ప్రసారానికి సంబంధించినది, ప్రొఫైల్ టీ దృశ్యాన్ని ఎక్కువగా కుదించే హెచ్.265 పద్ధతిని కూడా కలుపుకొన్నది.

రాజమహేంద్రవరం సభ్యులు

నాలు గక్షులకును నాల్గు టెరాబైట్లు
నెల దినాలు నిల్పు నేర్పు తోడఁ
గుదియఁ జేసి చిత్రకోటిని దాఁచిన
కనులు లేని వాఁడు గాచె నిల్లు

*పరిశీలన:* “టెరాబైట్లు” అన్న పదాన్ని ఆటవెలదిలో ఇంత తేలికగా ఇమిడ్చినందుకు అభినందనలు. ఇక లెక్క చూద్దాం. ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున పంపితే రోజుకు 43.2 గిగాబైట్లు, నాలుగింటికి 172.8 గిగాబైట్లు అవుతాయి. అప్పుడు 4 టెరాబైట్ల డిస్కు 23 రోజులకే నిండి, పాత దృశ్యాలను చెరిపివేయడం మొదలుపెడుతుంది. నెల నిలవాలంటే మీరన్న “కుదియఁ జేయుట” నిజంగా జరగాలి. హెచ్.265లో బిట్‌రేటు సుమారు సగానికి తగ్గితే అదే డిస్కు 46 రోజుల వరకు వస్తుంది. కనుక “గుదియఁ జేసి” మీ పద్యంలో గణపూరణకు వచ్చిన మాట కాదు, అర్థమంతా దాని మీదే నిలిచింది. జనం గుమిగూడే సంస్థలు దృశ్యాలను 30 రోజులు దాచాలని 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం అడుగుతుంది. ఇళ్లకు ఆ నిర్బంధం లేకపోయినా, ఊరికి వెళ్లి వచ్చేవారికి నెల మంచి కొలత.

అనంతపురం సభ్యులు

బయటి నెట్టు లేని వేళలందును గూడ
యింటిలోని డిస్కె యెల్ల నిలుప
బైట దీప మాఱ బ్యాటరీ బలమంది
కనులు లేని వాఁడు గాచె నిల్లు

*పరిశీలన:* భావం గట్టిది, కాని మొదటి పాదంలో “బ”కు “వే”తో యతి కుదరలేదు. పైగా “బయట” మూడవ పాదంలో మరల వచ్చింది. “వీధి నెట్టు లేని వేళలందును గూడ” అంటే రెండు దోషాలూ పోతాయి. నెట్టు పోయినా రికార్డింగు ఆగకపోవడమే, నెలనెలా చందా కట్టే క్లౌడు కెమెరాల కన్నా ఇంటి రికార్డరుకు ఉన్న పెద్ద బలం. బ్యాటరీ విషయంలోనూ పీఓఈ రికార్డరే మేలు, ఎందుకంటే పెట్టెకు ఒక్క యూపీఎస్ పెడితే దాని తీగలపై ఉన్న కెమెరాలన్నీ మేలుకొని ఉంటాయి. వైఫై కెమెరాలకైతే విడివిడిగా ఏర్పాటు చేసుకోవాలి, రౌటరుకూ చేయాలి.

సింగపూర్ సభ్యులు

మనిషి వచ్చె ననుచు మాటాడు యంత్రము
చెవికిఁ దెలియునట్లు చెప్పుచుండఁ
దలుపు గడియ వైచి తనవారిఁ బిలిపించి
కనులు లేని వాఁడు గాచె నిల్లు

*పరిశీలన:* మిగిలిన ముగ్గురూ పెట్టెను కన్నులేనిదిగా చూపగా, మీరు నిజంగా చూపు లేని గృహస్థుణ్ణే కావలివానిగా నిలిపారు. ఈ వారం పూరణలలో ఇదే ఉత్తమమని నా నిర్ణయం. ఊగే కొమ్మనూ, దాటే పిల్లినీ వదిలి మనిషిని మాత్రమే గుర్తించే శక్తి కొన్నిటిలో కెమెరాకు ఉంటుంది, కొన్నిటిలో రికార్డరుకు ఉంటుంది. రికార్డరుకే ఉన్నప్పుడు అది అన్ని ఛానెళ్లకూ పనిచేస్తుందా, ఒకటి రెండింటికేనా అని అడిగి తెలుసుకోవాలి. మీ పద్యంలోని గృహస్థుని వంటివారి కోసం కొనేటప్పుడు, ఫోనులోని స్క్రీన్ రీడర్ ఆ కంపెనీ యాప్ బటన్ల పేర్లను చదవగలుగుతోందో లేదో దుకాణంలోనే పరీక్షించి చూడండి. అది చదవలేకపోతే, ఆ ఇంటికి మాత్రం మిగిలిన గుణాలన్నీ ఉన్నా ఆ రికార్డరు పనికిరాదు.