ఇరాన్‌లో పాలన మారిన రోజున ఉరికంబాలు మిగలాలా? ప్రవాస ప్రతిపక్షం ఇప్పుడే మాట ఇవ్వాలా?

ఉదయరేఖ (చర్చ ప్రారంభం)

ఇరాన్ గురించి గత వారం ఇక్కడ జరిగిన చర్చలో ఒక సభ్యులు "పాలన కూలిన మర్నాడే 1988 నాటి హంతకులను నడివీధిలో ఉరితీయాలి, అది జరగకపోతే మార్పు వచ్చినట్టే కాదు" అని రాశారు. 1988 అంటే ఇరాన్ జైళ్లలో వేలమంది రాజకీయ ఖైదీలను ఉరితీసిన ఏడాది. చాలామంది ఆ మాటను బలపరిచారు. ఆ ఆగ్రహం న్యాయమైనదే. అయినా ఆ కోరికను నేను పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను. విదేశాల్లో ఉంటూ రేపటి ఇరాన్‌ను నడపాలని ఆశిస్తున్న ప్రతి పక్షమూ, అధికారం చేతికి రాకముందే, తన బద్ధశత్రువుకు కూడా మరణశిక్ష వేయబోనని మాట ఇవ్వాలి. ఆ మాటకు తగ్గట్టు ఇవాళే నడుచుకోవాలి.

ఇలా అనడానికి కారణం 1979 అనుభవం. అప్పటి ఇరాన్ రాజు షా కాలపు రహస్య పోలీసు సంస్థ సవాక్ చేసిన ఘోరాలు చిన్నవి కావు. 1974 ఫిబ్రవరిలో కవి ఖోస్రో గోల్సోర్ఖీని కాల్చి చంపారు. 1975 ఏప్రిల్‌లో, అప్పటికే జైల్లో శిక్ష అనుభవిస్తున్న వామపక్ష నాయకుడు బిజన్ జజనీనీ మరో ఎనిమిది మంది ఖైదీలనూ టెహరాన్‌లోని ఎవీన్ జైలు దగ్గరి కొండల్లోకి తీసుకుపోయి కాల్చేసి, పారిపోబోతుంటే కాల్చామని ప్రకటించారు. ఆ చావులను చూసిన తరమే 1979 ఫిబ్రవరి 11న విప్లవంలో గెలిచింది. నాలుగు రోజులు తిరక్కుండానే, టెహరాన్‌లో విప్లవ కేంద్రంగా ఉన్న రెఫా పాఠశాల మేడ మీద నలుగురు సైన్యాధిపతులను నిలబెట్టి కాల్చారు. ఏప్రిల్ 7న, పదమూడేళ్లకు దగ్గరగా షా వద్ద ప్రధానమంత్రిగా పనిచేసిన అమీర్ అబ్బాస్ హొవేదా వంతు వచ్చింది. తీర్పు చెప్పిన సాదెఖ్ ఖల్ఖాలీ, బయటివారెవరూ అడ్డుపడకుండా ఆ రోజు జైలు తలుపులు మూయించి టెలిఫోన్లు పనిచేయకుండా చేశానని తర్వాత తానే రాసుకున్నాడు. అడ్డుపడతాడని అతను భయపడింది కొత్త ప్రభుత్వపు ప్రధాని మెహదీ బజర్గాన్‌కే!

ఆ రోజుల్లో వామపక్ష సంస్థలూ, షాకు వ్యతిరేకంగా ఆయుధాలు పట్టిన ముజాహిదీన్ సంస్థ కూడా విప్లవ న్యాయం ఇంకా వేగంగా, ఇంకా కఠినంగా సాగాలని ఒత్తిడి చేశాయి. రెండేళ్లు గడిచాక, 1981 జూన్ తర్వాత, అవే న్యాయస్థానాలు, అదే పద్ధతిలో, న్యాయవాది లేకుండా, అప్పీలు లేకుండా ఆ సంస్థల యువకులను వందల సంఖ్యలో గోడకు నిలబెట్టాయి. శత్రువు కోసం కట్టిన ఆ యంత్రాన్ని ఆపే మీట ఎవరి దగ్గరా లేకపోయింది.

హనుమకొండ వకీలు

ఉదయరేఖ గారూ, మీరు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. దాని నుంచి మీరు తీసిన నిర్ణయంతోనే పేచీ. రెఫా పాఠశాల మేడ మీద జరిగింది విచారణ లేని హత్య. దాన్ని చూపించి, సక్రమంగా జరిగే విచారణ తర్వాత వేసే మరణశిక్షను కూడా కొట్టిపారేయడం తర్కానికి నిలవదు. నురెంబర్గ్‌లో విచారణ జరిగింది, నిందితులకు న్యాయవాదులు ఉన్నారు, కొందరు నిర్దోషులుగా బయటపడ్డారు, మిగిలిన వారిలో కొందరికి ఉరి పడింది. దాన్ని ఖల్ఖాలీ న్యాయంతో ఒకే గాటన కట్టగలరా?

ఇంకో సంగతి. 1988లో గోహర్దష్త్ జైల్లో పనిచేసిన హమీద్ నూరీని 2019 నవంబరులో స్టాక్‌హోం విమానాశ్రయంలో అరెస్టు చేశారు. 2022 జూలైలో స్వీడన్ న్యాయస్థానం యావజ్జీవ శిక్ష విధించింది. ముప్పై ఏళ్లకు పైగా ఎదురుచూసిన కుటుంబాలు ఆ రోజు కోర్టు బయట ఏడ్చాయి. 2024 జూన్‌లో టెహరాన్ చెరలో ఉన్న ఇద్దరు స్వీడన్ పౌరులకు బదులుగా అతన్ని విమానం ఎక్కించి పంపేశారు. అంటే యావజ్జీవం రెండేళ్లు కూడా నిలవలేదు. ఇరాన్‌లో మరణశిక్ష పడిన స్వీడిష్ ఇరానీ వైద్యుడు అహ్మద్ రెజా జలాలీ ఆ బేరంలోకి కూడా రాలేదు. బతికున్న ఖైదీ ఎప్పుడైనా బేరానికి వస్తాడు. ఆ తల్లులకు మీరు ఏం హామీ ఇస్తారు?

చరిత్ర విద్యార్థి

ఇద్దరి చర్చకూ ఉపయోగపడే రెండు మూడు సంగతులు చేరుస్తాను.

మరణశిక్షను ప్రశ్నించినవారు ఇరాన్ విప్లవంలో లేకపోలేదు. 1981 జూన్ 15న, ప్రాణానికి ప్రాణం తీసే కిసాస్ చట్టం ముసాయిదాను వ్యతిరేకిస్తూ జాతీయవాద పార్టీ నేషనల్ ఫ్రంట్ టెహరాన్‌లో ప్రదర్శనకు పిలుపునిచ్చింది. ఆ చట్టాన్ని వ్యతిరేకించడమే మతాన్ని వదిలేయడమని విప్లవ నాయకుడు ఖొమేనీ ప్రకటించాడు. ప్రదర్శన జరగనే లేదు, ఆ పార్టీ మళ్లీ కోలుకోలేదు. వారం తిరగకుండానే అధ్యక్షుడు బనీసద్ర్‌ను పదవి నుంచి దించారు. జూలై నెలాఖరులో ఆయనా ముజాహిదీన్ నాయకుడు మసూద్ రజవీ ఒకే విమానంలో ఫ్రాన్స్ చేరి అక్కడ ప్రతిఘటన మండలిలో చేతులు కలిపారు, మూడేళ్లకే విడిపోయారు. 1979లో పారిస్ నుంచి ఖొమేనీ వచ్చిన విమానంలోనే వచ్చి విదేశాంగ మంత్రి అయిన సాదెఖ్ ఘోత్బ్‌జాదేను 1982 సెప్టెంబరులో కాల్చి చంపారు. పారిస్ శివార్లలోని నోఫ్ల్-లె-షాతోలో కూర్చుని ఖొమేనీ విదేశీ విలేకరులకు స్వేచ్ఛ గురించి ఇచ్చిన హామీలు ఏమయ్యాయో చూశాం. అందుకే ప్రవాసంలో ఇచ్చిన మాటకు ఎంత విలువ ఇవ్వాలన్న సందేహం నాకూ ఉంది.

కాగితం మీద మాత్రం మాటలకు లోటు లేదు. ముజాహిదీన్ నాయకురాలు మరియం రజవీ పది సూత్రాల ప్రణాళికలో మరణశిక్ష రద్దు ఉంది. అదే సంస్థ ఇరాక్‌లో నడిపిన శిబిరాల్లో విభేదించిన సొంత సభ్యులను బంధించి హింసించారని 2005లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక ఇచ్చింది. సంస్థ దాన్ని ఖండించింది. ఇటు రాజవాదుల వైపు చూస్తే, వారి ప్రదర్శనల్లో ముల్లాకూ, వామపక్షీయుడికీ, ముజాహిద్‌కూ కలిపి చావు కోరే నినాదం పరిపాటి అయింది. 2023 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ ప్రదర్శనలో సవాక్ ఉన్నతాధికారి పర్వీజ్ సాబెతీ దశాబ్దాల తర్వాత బహిరంగంగా కనిపించాడు. జజనీ బృందాన్ని చంపిన కాలంలో ఆ సంస్థలో పెద్ద బాధ్యతలో ఉన్న మనిషి అతను. అదే నెలలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ వేదికపై కలిసిన ప్రవాస నాయకుల కూటమి మూడు నెలలు కూడా నిలవలేదు.

ఇర్వింగ్ నుంచి ఒక పాఠకుడు

మేము ఇక్కడ డల్లాస్ చుట్టుపక్కల ఇరానీ కుటుంబాల మధ్యే ఉంటున్నాం. వారి తరఫున తీర్పు చెప్పే అర్హత మనకు ఉందా అన్నది నా మొదటి ప్రశ్న. క్షమించాలా శిక్షించాలా అన్నది నష్టపోయినవారి హక్కు కదా? ఇరాన్ చట్టమే ఆ హక్కును హతుడి కుటుంబానికి ఇచ్చింది. 2014 ఏప్రిల్‌లో నూర్ అనే ఊళ్లో, కొడుకును వీధి తగాదాలో పోగొట్టుకున్న ఒక తల్లి ఉరికంబం మీద కళ్లకు గంతలతో నిలబడ్డ హంతకుడి దగ్గరకు వెళ్లి, చెంప మీద ఒక్క దెబ్బ కొట్టి, భర్తతో కలిసి అతని మెడలోని తాడు తీసేసింది. ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ప్రభుత్వం మరణశిక్షనే రద్దు చేసేస్తే ఆ తల్లి చేతిలోని నిర్ణయాన్ని కూడా లాక్కున్నట్టు కాదా?

ఉదయరేఖ

ముగ్గురికీ విడివిడిగా కాకుండా, విషయం నడిచిన దారిలోనే జవాబు రాస్తున్నాను.

ఇర్వింగ్ పాఠకులు చెప్పిన తల్లి ముందు నేనూ తల వంచుతాను. కానీ ఆ చట్టం ఆమె భుజాల మీద మోపిన భారాన్ని కూడా చూడండి. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న మనిషిని తెల్లవారుజామున ఉరికంబం దగ్గరకు పిలిచి, ఇతని కాలి కింద కుర్చీ నువ్వే తన్నవచ్చు అని చెప్పే వ్యవస్థ అది. చంపే బాధ్యతను బాధితుల మీదకు నెట్టి ప్రభుత్వం పక్కకు తప్పుకుంటోంది. పైగా ఇరాన్‌లో ఉరి పడేవారిలో చాలామంది విషయంలో క్షమించేందుకు కుటుంబమే ఉండదు. ఆమ్నెస్టీ లెక్క ప్రకారం 2023లో అక్కడ కనీసం 853 మందిని ఉరితీశారు. అందులో 481 మాదకద్రవ్యాల కేసులు. జనాభాలో 5 శాతం ఉంటారని అంచనా వేసే బలూచీలు ఆ ఏడాది ఉరి పడినవారిలో 20 శాతం. మరుసటి ఏడు ఆ మొత్తం 972కు చేరింది. రాజ్యం నేరుగా "దేవుడితో యుద్ధం" అని ఆరోపించే కేసుల్లో అయితే క్షమాపణ ప్రసక్తే రాదు. 2022 డిసెంబరు 8న ఉరితీసిన నిరసనకారుడు మొహ్సెన్ షెకారీ ఒక రోడ్డు అడ్డగించి, ప్రభుత్వ అనుకూల దళమైన బసీజ్ సభ్యుణ్ణి ఒకణ్ణి కత్తితో గాయపరిచాడన్నది అభియోగం. చనిపోయినవారే లేని కేసులో ఎవరు క్షమించాలి?

వకీలు గారి నూరీ ఉదాహరణ బలమైనది. ఆ రోజు ఆ కుటుంబాలకు జరిగింది అన్యాయమే. అయితే ఆ బేరం కుదరడానికి కారణం టెహరాన్‌లో బేరమాడే ప్రభుత్వం, దాని చేతిలో బందీలు ఉండటం. మనం మాట్లాడుతున్నది ఆ ప్రభుత్వం పోయిన తర్వాతి రోజు గురించి. అప్పుడు ఖైదీని అడిగేవారెవరు? అంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ విచారణ ఏం మిగిల్చింది అన్నది. అల్బేనియాలో ఉంటున్న సాక్షుల కోసం స్వీడన్ న్యాయస్థానం 2021 నవంబరులో తానే దుర్రెస్ నగరానికి వెళ్లి కూర్చుంది. ఎవరిని ఏ నడవలో కూర్చోబెట్టారు, ఎవరి పేరు ఎప్పుడు పిలిచారు, ఏ వైపు నడిపించారు అన్నది బతికి బయటపడ్డవారు ప్రమాణం చేసి చెప్పగా రికార్డుకెక్కింది. హొవేదాను చంపి ఇరాన్ పొందింది ఏమిటి? షా ప్రభుత్వం లోపల నిర్ణయాలు ఎలా జరిగాయో పదమూడేళ్లు చూసిన మనిషి నుంచి ఒక్క పూర్తి వాంగ్మూలం కూడా దక్కలేదు.

1988 విషయంలో ఇది ఇంకా తీవ్రమైన సమస్య. ఆ వేసవిలో, ఎక్కువమంది అప్పటికే శిక్ష పడి జైల్లో ఉన్నవారే అయినా, వారిని ఒక చిన్న సంఘం ముందుకు తెచ్చి నాలుగైదు ప్రశ్నలు అడిగి ఉరికి పంపారు. వేలమంది పోయారు. టెహరాన్ సంఘంలో కూర్చున్నవారిలో రైసీ తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు, పూర్‌మొహమ్మదీ మంత్రి అయ్యాడు, 2024లో అధ్యక్ష పదవికి కూడా పోటీ చేశాడు. కుటుంబాలకు ఒక సంచిలో బట్టలూ చేతి గడియారమూ ఇచ్చి పంపేశారు. సమాధి ఎక్కడో చెప్పలేదు. టెహరాన్ శివారులోని ఖావరాన్ మట్టిలో తమవాళ్లు ఉన్నారని నమ్మి అక్కడికి పూలు తెచ్చే తల్లులను కూడా పోలీసులు తరిమారు. ఆ మట్టిలో ఎవరెవరు ఉన్నారో, మిగతావారిని ఏ ఊళ్లో ఎక్కడ పూడ్చారో తెలిసినవారు ఆ ఆదేశాలు అమలు చేసినవారే. వారిని తొందరపడి ఉరితీస్తే ఆ సమాచారం వారితోనే పోతుంది.

అన్నింటికంటే నన్ను కదిలించే సాక్ష్యం ఆ రాజ్యం లోపలి నుంచి వచ్చింది. హుసేన్ అలీ మొంతజెరీ అప్పటికి ఖొమేనీకి ప్రకటిత వారసుడు. ఆయన కొడుకు మొహమ్మద్ 1981 జూన్ 28న అధికార పార్టీ కార్యాలయంలో పేలిన బాంబుకు బలయ్యాడు. ఆ బాంబు ముజాహిదీన్ పనేనని ప్రభుత్వం ప్రకటించింది. 1988 ఆగస్టులో అదే మొంతజెరీ ఉరి సంఘం సభ్యులను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ల వల్ల మీ అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది నేనే, నా కొడుకును కూడా వాళ్లే చంపారు, పగ తీర్చుకోవాలంటే ముందు నేనే తీర్చుకోవాలి అన్న అర్థం వచ్చేలా చెప్పి, అయినా మీరు చేస్తున్నది ఇస్లామిక్ రిపబ్లిక్ చరిత్రలోనే అతిపెద్ద నేరమని వారి ముఖం మీదే అన్నాడు. ఏడు నెలల తర్వాత వారసత్వం పోయింది, గృహనిర్బంధమూ చూశాడు. ఆ సంభాషణ టేపును 2016లో ఆయన మరో కొడుకు బయటపెట్టాడు. ఆ కొడుకుకూ జైలు శిక్ష పడింది. బాధితుల హక్కు గురించి మాట్లాడేటప్పుడు, కొడుకును పోగొట్టుకున్న ఈ తండ్రి మాటను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

చరిత్ర విద్యార్థి గారి సందేహం సబబే. ప్రవాసంలో ఇచ్చిన మాట రేపటికి నిలుస్తుందని చెప్పలేం. అందుకే నేను ప్రకటన ఒక్కదాన్నే అడగడం లేదు. చావు కోరే నినాదాన్ని తమ ప్రదర్శనలో వినిపించనివ్వకపోవడం, సాబెతీ లాంటివారు వస్తే ఏ విచారణకు సిద్ధమో ముందుగా చెప్పమనడం, తమ మృతులతో పాటు ప్రత్యర్థుల మృతులనూ లెక్కించడం ఈ రోజే చేయగల పనులు. చివరిది అసాధ్యమేమీ కాదు. 1991లో పారిస్‌లో హత్యకు గురైన ప్రవాస ప్రతిపక్ష నాయకుడు అబ్దుర్రహ్మాన్ బొరూమంద్ కుమార్తెలు నడుపుతున్న ఓమిద్ స్మారక జాబితాలో షా సైన్యాధిపతులూ, ముజాహిదీన్, కమ్యూనిస్టులూ, బహాయీ మతస్థులూ, మాదకద్రవ్యాల కేసుల్లో ఉరి పడిన పేదవారూ ఒకే వరుసలో ఉన్నారు. 2024 జనవరిలో ఘెజెల్ హెసార్ జైల్లో కొందరు ఖైదీలు మంగళవారాల్లో నిరాహార దీక్ష మొదలుపెట్టారు. అది ఒక్కో జైలుకూ పాకుతూ పోయింది. వాళ్లు ఏ పార్టీ వారికి ఉరి వద్దు అని అడగడం లేదు, ఎవరికీ వద్దు అంటున్నారు. లోపల ఉండి, రేపు తమ పేరే పిలుస్తారేమోనన్న భయంతో కూడా ఆ మాట అనగలిగినవారి కంటే, పారిస్‌లోనూ లాస్ ఏంజెలెస్‌లోనూ ఉన్నవారికి అది ఎందుకు కష్టం కావాలి?

చరిత్ర విద్యార్థి

ఒక్క వాక్యం చేరుస్తాను. జజనీ బృందాన్ని కాల్చిన 1975లోనే, డిసెంబరు 1న, ఎమర్జెన్సీ కాలంలో హైదరాబాదు ముషీరాబాదు జైల్లో నక్సలైటు ఉద్యమకారులు భూమయ్యనూ కిష్టాగౌడ్‌నూ ఉరితీశారు. ఆ ఉరిని ఆపాలని మన దగ్గర అడిగినవారిలో వారి రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఉన్నారు కనుక, ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు.

హనుమకొండ వకీలు

వాంగ్మూలాల గురించీ సమాధుల గురించీ ఉదయరేఖ గారు చెప్పినది బలమైన వాదన. విచారణలన్నీ ముగిసి, సమాధులు తెరిచే వరకు ఏ ఒక్క ఉరీ అమలు కాకూడదని ఒప్పుకుంటాను. నా పట్టు మిగిలింది ఒక్కచోటే. సమాధులు చూపించిన తర్వాత కూడా పశ్చాత్తాపం లేకుండా, అవకాశం వస్తే మళ్లీ అదే చేస్తానని కోర్టులో చెప్పే మనిషికి ఎంత శిక్ష వేయాలన్నది ఎన్నికైన పార్లమెంటు తేల్చాలి. ప్రవాస పక్షాలు ఇప్పుడే దాన్ని శాశ్వతంగా మూసేస్తే, ప్రజలను అడగకుండా ప్రజల తరఫున నిర్ణయించే పాత అలవాటునే అవి కొనసాగించినట్టు అవుతుంది. దీనికి మీ జవాబు చదవాలని ఉంది.

ఉదయరేఖ

జవాబు ఉంది, వకీలు గారూ. హింసించకూడదన్న నియమాన్ని ఏ పార్లమెంటు ఓటుకూ వదలం. అది ఓటుకు ముందే ఉండాలంటాం. మరణశిక్షనూ నేను ఆ వరుసలోనే పెడుతున్నాను. 1979 మార్చి చివర ఇరాన్‌లో ప్రజలను అడిగారు, ఇస్లామిక్ రిపబ్లిక్ కావాలా అని. అవునన్నవారు 98 శాతానికి పైగా అని ప్రకటించారు. హొవేదాను కాల్చింది ఆ తర్వాతి వారంలోనే. మెజారిటీ వెనక ఉన్నందువల్ల ఆ కాల్పులు ఆగలేదు, ఇంకా ధైర్యం తెచ్చుకున్నాయి.