చామనఛాయ చర్మానికి రోజూ సన్‌స్క్రీన్ కావాలా?

వేపచెట్టు నీడ:
నలభై దాటిన వారందరికీ ఇప్పుడు ఒకటే సలహా. రోజూ సన్‌స్క్రీన్ రాయండి, లేకపోతే ముడతలు పడతాయి అని. నాకిది మింగుడుపడటం లేదు. మనం ఎండలో పుట్టి ఎండలో పెరిగినవాళ్లం, మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్‌కు కొదవ లేదు. మా అమ్మకు డెబ్బై దాటాయి. నువ్వుల నూనె, పెసరపిండి తప్ప ముఖానికి మరొకటి తాకనివ్వలేదు. నుదుటి మీద రెండు గీతలు, అంతే. తెల్లవాళ్ల అవసరం కోసం పుట్టిన అలవాటును మనకు అంటగడుతున్నారని నా నమ్మకం. పైగా ఇంటింటా డి విటమిన్ లోపం. వచ్చే ఎండనూ అడ్డుకుంటే ఎలా? కాదనేవారు కారణం చెప్పండి.

మందుల షాపు:
మెలనిన్ మాట నిజమేనండీ. బాగా నల్లటి చర్మం పైపొర దానంతటదే సుమారు 13 ఎస్‌పీఎఫ్ (ఎండకు కమలకుండా కాపాడే శక్తికి కొలత) రక్షణ ఇస్తుందని లెక్క, తెల్ల చర్మానికి అది మూడు చిల్లరే. చామనఛాయ ఈ రెంటికీ మధ్య. మనకు ముడతలు ఆలస్యంగా రావడానికి కారణం అదే, మీ అమ్మగారి ముఖంలో దాని వాటా పెద్దదే.

కానీ కమలలేదు కాబట్టి చర్మానికి దెబ్బ తగల్లేదని అనుకోకండి. ఎండలో మనకు చేరే అతినీలలోహిత (యూవీ) కిరణాలు రెండు రకాలు. కమిలించేది ముఖ్యంగా యూవీబీ. యూవీఏ అలా మంట పుట్టించదు, లోపలి పొర దాకా దిగి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్‌ను తెంపుతుంది. మామూలు కిటికీ అద్దం దాన్ని పూర్తిగా ఆపలేదు. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ఫొటో వచ్చింది. 28 ఏళ్లు బండి నడిపిన 69 ఏళ్ల డ్రైవరు ముఖం అది. కిటికీ వైపున్న ఎడమ చెంప మందమెక్కి, లోతైన ముడతలతో వేలాడుతోంది. కుడి చెంప చూస్తే పదేళ్లు చిన్నవాడిలా ఉన్నాడు. ఒకే మనిషి, ఒకే తిండి, తేడా ఎండ ఒక్కటే. మన దగ్గర కారు నడిపేవారికి కిటికీ కుడివైపు ఉంటుంది, చూసుకోండి.

డి విటమిన్‌కు కావలసింది యూవీబీ. అద్దం వెనక కూర్చుంటే అది అందదు. చేతులకు, కాళ్లకు ఎండ తగలనివ్వండి. ముఖం ఒంట్లో చిన్న భాగం, దాన్ని కాపాడుకుంటే విటమిన్‌కు వచ్చే లోటు పెద్దగా ఉండదు.

పాత సైకిలు:
ఆ డ్రైవరు తెల్లవాడు. అందరూ చెప్పే ఆస్ట్రేలియా పరీక్ష సంగతీ అంతే. 2013లో ఫలితాలు వచ్చాయి. తొమ్మిది వందల మందిని నాలుగున్నరేళ్లు గమనిస్తే, రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారిలో చర్మం ముదరడం 24 శాతం తక్కువ. మంచిదే, కానీ దాన్ని అనంతపురం రైతుకు ఎలా వర్తింపజేస్తారు?

ఖర్చు గురించి ఎవరూ మాట్లాడరు. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవున పిండుకోవాలట, అంటే సుమారు ఒక గ్రాము. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. రోజుకు మూడుసార్లు అనుకున్నా 50 గ్రాముల ట్యూబు పదిహేడు రోజులు రాదు. కూలికి పోయే మనిషికి ఈ సలహా ఇవ్వడానికి నోరెలా వస్తుంది?

తెనాలి పిల్ల:
మీరంతా ముడతల దగ్గరే ఆగిపోయారు. మన చర్మం మీద ఎండ ముందుగా చూపించేది మచ్చ. చెంపల మీద, పైపెదవి మీద మంగు వచ్చిన ఆడవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మెలనిన్ ఎక్కువగా ఉండటమే ఇక్కడ చిక్కు. యూవీ మాత్రమే కాదు, కంటికి కనిపించే వెలుగు కూడా మన రంగు చర్మంలో మంగును ముదరబెడుతుంది. మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుగును సరిగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ అనే రంగు పొడి కలిసి చర్మం రంగులో ఉండేవి ఆపుతాయి. కొనేవారు ఈ తేడా అడిగి కొనాలి.

ఆ మచ్చ వచ్చాక జరిగేది నన్ను ఎక్కువ బాధిస్తుంది. మా పిన్ని పక్కింటావిడ మాట విని ఒక చిన్న ట్యూబు తెచ్చుకుంది. మొదట్లో ముఖం తెల్లగా మెరిసింది, అందరూ మెచ్చుకున్నారు. తర్వాత చర్మం పలచబడి ఎర్రటి సన్నని నరాలు పైకి కనబడ్డాయి, గడ్డం మీద వెంట్రుకలు మొలిచాయి. పొయ్యి దగ్గర నిలబడితే భగభగ మంట. ఆపితే ఇంకా మండుతుందని మళ్లీ రాసేది. అందులో ఉన్నది స్టెరాయిడ్, వాపూ దురదా తగ్గించే ఘాటైన మందు. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటివి అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు. మందుల షాపు గారూ, మీ తోటివారికి గట్టిగా చెప్పండి.

పాత సైకిలు గారి ప్రశ్నకు జవాబు గుంటూరు మిరప తోటల్లోనే ఉంది. కోతకు వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటారు, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. నేత ఒత్తుగా ఉన్న బట్ట చెమటకు కారిపోదు, రెండు గంటలకోసారి మార్చనక్కర్లేదు. ముందు నీడ, తర్వాత బట్ట, అవి కప్పలేని చోటుకే ట్యూబు. ఈ వరుసను తలకిందులు చేసింది ప్రకటనలే.

వేపచెట్టు నీడ:
మంగు విషయంలో మీ వాదన బలంగానే ఉంది. నలుగు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అదీ పనికిరాదంటారా?

మందుల షాపు:
చీటీ లేనిదే మా షాపులో ఇవ్వం తెనాలి పిల్ల గారూ, మిగతావారికీ చెబుతూనే ఉన్నాను.

నలుగులో నూనె మంచిదే. వయసుతో నూనె గ్రంథులు మందగించి చర్మం పొడిబారుతుంది, నూనె తేమను నిలుపుతుంది. పిండితో గరగరా రుద్దడమే ప్రమాదం. మన చర్మం రాపిడికే నల్లబడుతుంది. నిమ్మరసం కలిపి రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కి నెలల తరబడి మచ్చ మిగులుతుంది. ముడతలు తగ్గించడంలో గట్టి ఆధారాలున్న పూత ట్రెటినాయిన్. అది డాక్టరు చెబితేనే, రాత్రిపూటే, గర్భిణులకు అసలు వద్దు.

పాత సైకిలు:
చొక్కాకు, తువ్వాలుకు నా ఓటు. మంగు ఉన్నవారు, రోజంతా బండి మీద తిరిగేవారు ట్యూబు కొనుక్కోవడం సబబే. ఇంటి పట్టున, వసారా నీడలో ఉండే డెబ్బై ఏళ్ల పెద్దావిడకు కూడా రోజూ కావాలంటే మాత్రం ఒప్పుకోను. మన రంగు చర్మం మీద, మన ఎండలో, అన్నేళ్లు చేసిన పరీక్ష ఉంటే చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం.