ఎకనామిక్స్ పేపర్‌కి టమాటా ధర టాపిక్, వార్తలే రాస్తున్నట్టుంది, హెల్ప్

డిగ్రీ_ఫస్టియర్:
నమస్తే అందరికీ. ఫస్టియర్ ఎకనామిక్స్‌లో ఎనిమిది పేజీల రీసెర్చ్ పేపర్ రాయమన్నారు, నేను 2023 టమాటా ధరలు తీసుకున్నా. ఆ జులైలో రిటైల్ ద్రవ్యోల్బణం 7.44 శాతం, ఒక్క కూరగాయలదే 37 దాటింది అని రాశా, అక్కడితో ఆగిపోయా. పేపర్లో చదివిందే మళ్లీ రాస్తున్నట్టుంది, ఎవరైనా దారి చెప్తారా?

మదనపల్లె_మావోడు:
తమ్ముడూ, "టమాటా ధరలు" టాపికే గానీ ప్రశ్న కాదు. జులైలో కిలో వంద దాటిన సరుకు సెప్టెంబరుకల్లా కర్నూలు వైపు రోడ్డు మీద పారబోసేదాకా ఎందుకొచ్చింది, ఇదీ ప్రశ్నంటే. రేటు చూసి అందరూ నాటేస్తారు, నాటిన రెండు రెండున్నర నెలలకి గానీ కాయ చేతికి రాదు, వచ్చేసరికి అందరిదీ ఒకేసారి యార్డులో దిగుద్ది, ఇంక రేటు ఢమాల్. మీ పుస్తకంలో దీన్నే కాబ్‌వెబ్ మోడల్ అని ఉంటది చూడు, పేపరంతా దాని చుట్టూ తిప్పు.

పాఠాల_మేడం:
డేటా అగ్‌మార్క్‌నెట్ సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, ఏ యార్డుకి ఎంత సరుకొచ్చింది, ఏ ధర పలికింది అన్నీ ఉంటాయి. కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ (modal, అంటే ఎక్కువ సరుకు పలికిన ధర) అని మూడు ధరలిస్తారు, ఆ మోడల్ ధర తీసుకోండి, అవి క్వింటాకి, కిలోకి కాదు, పిల్లలు ఇక్కడే బోల్తా పడతారు. ఇంకో మాట, ధరకీ సరుకుకీ గ్రాఫ్ గీసేసి ఇదే డిమాండ్ కర్వ్ అనకండి బాబూ! అందులో ప్రతి చుక్కా డిమాండ్, సప్లై రెండూ కలిసిన చోటు. వానలకో తెగులుకో పంట పోయి సప్లై ఒక్కటే కదిలిన వారాలుంటే అప్పుడు డిమాండ్ గురించి కాస్త చెప్పొచ్చు. ఈ ఒక్క పేరా సరిగ్గా రాస్తే మిగతాది అటూఇటూ ఉన్నా నేనైతే మార్కులేస్తా.

గోదారి_కుర్రోడు:
ప్రభుత్వం చేసింది కూడా రాయి బ్రో. కేంద్రం తరఫున ఎన్‌సీసీఎఫ్ అనే వినియోగదారుల సహకార సమాఖ్య వాళ్లు మదనపల్లె, కోలారు వైపు కొని ఢిల్లీలో కిలో 90కి మొదలెట్టి 80, 70కి దించారు. మరి ధర దిగింది దానివల్లా, కొత్త పంట వల్లా? చాట్‌జీపీటీ ఇచ్చే రిఫరెన్సులు మాత్రం చూసుకోకుండా పెట్టకు, లేని పేపర్లకి కూడా పేర్లు పెట్టేస్తది అది.

డిగ్రీ_ఫస్టియర్:
థాంక్స్ అన్నా, థాంక్స్ మేడం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా డేటా సరిపోద్దా?

పాఠాల_మేడం:
సరిపోదు, మార్చి నుంచి తీయండి. ఎండాకాలంలో ధర గిట్టక చాలామంది టమాటా వేయడం తగ్గించారు, జులై కథకి సగం కారణం అక్కడుంది.